పాత బటన్ల ఫోనులో బ్రౌజర్: అప్పుడెలా నడిచింది, ఇప్పుడెందుకు మొరాయిస్తోంది

ప్రశ్న క్లుప్తంగా ఇది: 2005 ప్రాంతపు బటన్ల ఫోను ఒకటి అలమరలో దొరికింది. రంగుల తెర ఉంది, జీపీఆర్‌ఎస్ (మొబైల్ నెట్‌వర్క్ మీద డేటా అందించే పాత పద్ధతి) ఉంది, మెనూలో ‘వెబ్’ అనే అంశమూ ఉంది. సిమ్ వేస్తే సిగ్నల్ వస్తోంది కానీ ఏ చిరునామా కొట్టినా సైటు తెరుచుకోవడం లేదు. అప్పట్లో దీంతో నిజంగా ఇంటర్నెట్ చూసేవారా, లేక పెట్టె మీద రాసుకోవడానికే బ్రౌజర్ పెట్టారా? ఇప్పుడు దాన్ని మళ్లీ నడిపించే దారి ఉందా?

చూసేవాళ్లం. ఓపిక ఉన్నవాళ్లు బాగానే చూసేవాళ్లు. కాకపోతే ఆ పనిలో సింహభాగం ఫోను చేసేది కాదు, ఫోనుకూ సైటుకూ మధ్య కూర్చున్న మరో యంత్రం చేసేది. మీ ఫోను పాడవలేదు. దాని తరఫున పనిచేసే మధ్యవర్తి కనుమరుగైపోయాడు, అంతే. కాబట్టి మళ్లీ నడవాలంటే ఆ మధ్యవర్తిని మీరే ఏర్పాటు చేసుకోవాలి. అది సాధ్యమే, కానీ సరదాకే. మెయిల్ చూసుకోవడానికో, డబ్బు లావాదేవీలకో ఆ ఫోనును నమ్ముకోవద్దు.

ఫోన్ల కోసం పేజీలు రాసే పనిలో చాలాకాలం ఉన్నాను. బల్ల నిండా రకరకాల ఫోన్లు పరుచుకుని, ఒకే పేజీని ఒక్కోదానిలో తెరిచి ఏది ఎక్కడ విరిగిందో చూడటమే ఉద్యోగం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వ్యాప్ సంగతి, అంటే అప్పట్లో ఫోన్లకు వెబ్ అందించిన పద్ధతి. 1997లో ఎరిక్‌సన్, మోటరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ కలిసి వ్యాప్ ఫోరం అనే సంస్థ పెట్టాయి. ఫోన్లలో వెబ్ ఎలా నడవాలో నిర్ణయించడం దాని పని. వ్యాప్ బ్రౌజర్‌తో వచ్చిన మొదటి ఫోను నోకియా 7110, 1999లో. దాని తెర అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 65. రంగుల్లేవు. నాలుగైదు వరుసల అక్షరాలు పట్టేవి. లింకుల మీదుగా కదలడానికి తెర కింద దొర్లించే చిన్న చక్రం ఉండేది. దాన్నే నొక్కితే లింకు తెరుచుకునేది. ఆ తర్వాత ఎన్నో ఫోన్లు వాడాను కానీ పొడవాటి జాబితాలు చదవడానికి ఆ చక్రమంత హాయిగా ఉన్నది మరొకటి కనిపించలేదు.

ఈ ఫోన్లు మామూలు వెబ్ పేజీలు తెరిచేవి కావు. వాటి కోసం డబ్ల్యూఎంఎల్ అనే వేరే భాషలో పేజీలు రాయాలి. ఒక ఫైలును డెక్ అనేవారు, అందులో ఒక్కో తెరకు సరిపడే భాగాన్ని కార్డ్ అనేవారు. డెక్ ఒకసారి దిగిందంటే అందులోని కార్డుల మధ్య నెట్‌వర్క్ అవసరం లేకుండా తిరగవచ్చు. మంచి ఆలోచనే. చిక్కంతా డెక్ పరిమాణంతో వచ్చింది: 7110లో అది సుమారు 1,400 బైట్లు దాటకూడదు. తెలుగు అక్షరాలకు ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి, ఈ సమాధానంలోని ఒక మోస్తరు పేరా చాలు, డెక్ నిండిపోతుంది. అయినా ఆ ఫోన్లలో తెలుగు కనిపించే ప్రసక్తే లేదు, అది వేరే విషయం.

మధ్యవర్తి అన్నాను కదా, వ్యాప్‌లో దాని పేరు గేట్‌వే. మొబైల్ కంపెనీ దగ్గర ఉండేది. ఫోను అడిగిన పేజీని అది ఇంటర్నెట్ నుంచి తెచ్చి, అందులోని ట్యాగులను ఒక్కో బైటు సంకేతాలుగా కుదించి, తనదైన ప్రోటోకాల్‌లో ఫోనుకు పంపేది. డబ్ల్యూఎంఎల్‌స్క్రిప్ట్‌లో రాసిన చిన్న ప్రోగ్రాములను కంపైల్ చేసేది కూడా గేట్‌వేనే. ఫోను చేయాల్సిందల్లా ఆ సంకేతాలను చదివి తెర మీద అక్షరాలు పరచడం.

ఇక్కడే ఒక తిరకాసు ఉండేది. ట్యాగులు కుదించుకుపోతాయి, పాఠం కుదించుకుపోదు. సమయపట్టికల పేజీ ఒకటి కంప్యూటర్ మీది ఎమ్యులేటర్‌లో (ఫోనును అనుకరించే ప్రోగ్రాములో) చక్కగా తెరుచుకుని, అసలు ఫోనులో ‘పేజీ చాలా పెద్దది’ అని మొండికేసింది. ఎమ్యులేటర్‌కు ఆ పరిమితి లేదు. ఊళ్ల పేర్లన్నీ పాఠమే కాబట్టి గేట్‌వే కుదించినా ఏమీ తగ్గలేదు. చివరికి జాబితాను మొదటి అక్షరాన్ని బట్టి ముక్కలు చేసి, ఎక్కువమంది వెతికే ఊళ్లను మొదటి డెక్‌లోనే పెట్టాం. అప్పటి సైట్లలో మెనూ కింద మెనూ, దాని కింద మరో మెనూ ఎందుకు ఉండేవని ఎవరైనా విసుక్కుంటే కారణం ఇదే. రాసేవాళ్ల సరదా కాదు.

మరి అంత చిన్న పేజీకి అంతసేపు ఎందుకు ఆగాలి? మొదట్లో వ్యాప్ డేటా కాల్ మీద నడిచింది. అంటే ఫోను ఒక నంబరుకు నిజంగానే కాల్ చేసి, అవతల మోడెమ్ ఎత్తాక పేజీ అడిగేది. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. లెక్క వేస్తే 1,400 బైట్ల డెక్ ఒక సెకను పైచిలుకులో దిగాలి, దిగేది కూడా. కాల్ కలవడానికే అరనిమిషం దాకా పట్టేది. పైగా లెక్క నిమిషాల మీద. పేజీ దిగిపోయి మీరు తీరిగ్గా చదువుకుంటున్నంతసేపూ మీటర్ తిరుగుతూనే ఉండేది. చదవడానికే డబ్బు కట్టాల్సి వస్తే ఎవరు వాడతారు? వ్యాప్‌కు చెడ్డపేరు రావడానికి సాంకేతికత కన్నా ఈ బిల్లే పెద్ద కారణమని నా అభిప్రాయం. తెర, మెమరీ, వేగం అంత తక్కువగా ఉన్నప్పుడు ఆ ఇంజినీర్లు తీసుకున్న నిర్ణయాలు చాలావరకు సరైనవే. ‘జేబులో ఇంటర్నెట్’ అని ఊరించి అమ్మినవాళ్లదే తప్పు.

అదే 1999 ఫిబ్రవరిలో జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో ఐ-మోడ్ మొదలుపెట్టింది. వేగం అక్కడా 9.6 కిలోబిట్లే. కానీ కాల్ చేయనక్కరలేదు, ఎప్పుడూ కలిసే ఉంటుంది. లెక్క నిమిషాలకు కాకుండా దిగిన డేటాకు. పేజీలు రాసే భాష మామూలు హెచ్‌టీఎంఎల్‌కు కత్తిరింపు రూపం కాబట్టి వెబ్ తెలిసినవాళ్లు ఎవరైనా వెంటనే రాయగలిగారు. సైట్ల చందాలను ఫోను బిల్లులోనే వసూలు చేసి, 9 శాతం మినహాయించుకుని మిగతాది సైటువాళ్లకు ఇచ్చేవారు. అది జనంలోకి దూసుకుపోయింది. ఒకే వేగం, ఒకే ఏడాది. అసలు తేడా లెక్క కట్టిన తీరులోనే.

చిరునామా కొట్టడం ఒక కసరత్తు. మీ ఫోనులో ఇప్పుడే ప్రయత్నించి చూడండి. చిరునామా చివర డాట్ కామ్ రాయాలి. చుక్కకు ఒకటో మీట. ‘సీ’కి రెండో మీట మూడుసార్లు. ‘ఓ’కు ఆరో మీట మూడుసార్లు. ‘ఎం’ కూడా ఆరో మీట మీదే ఉంది. ఆగకుండా నొక్కేస్తే ‘ఓ’ ఎగిరిపోయి ఆ స్థానంలో ఆరంకె వచ్చి కూర్చుంటుంది. కర్సర్ ముందుకు జరిగేదాకా ఆగి అప్పుడు నొక్కాలి. 2006లో ప్రత్యేకంగా మొబైల్ సైట్ల కోసమని డాట్ మోబి అనే కొత్త చిరునామా తెచ్చారు. లెక్కపెట్టండి: కామ్‌కు ఏడు నొక్కులు, మోబికి తొమ్మిది. ఫోనువాళ్ల సౌకర్యం కోసం తెచ్చిన చిరునామాను ఫోనులో కొట్టడమే కష్టం!

అందుకని అనుభవం ఉన్నవాళ్లు చిరునామాలు కొట్టేవారే కాదు. ఒకసారి కొట్టి బుక్‌మార్కు పెట్టుకునేవారు, లేదా లింకును ఎస్ఎంఎస్‌లో తమకు తామే పంపుకునేవారు. పేజీలు రాసేటప్పుడు మేం లింకులకు అంకెలు కేటాయించేవాళ్లం: మూడో మీట నొక్కితే మూడో లింకు తెరుచుకుంటుంది. మీ ఫోనులో తెరిచే పేజీ మీరే రాసుకునేట్లయితే ఆ పద్ధతి తప్పకుండా పాటించండి. బాణం మీటతో పది లింకులు దిగడం కన్నా ఒక్క నొక్కు ఎంతో మేలు.

మీ ఫోను తరం వేరు. 2005 నాటికి జీపీఆర్‌ఎస్ వచ్చేసింది, డేటా కాల్ బాధ పోయింది. 2002లో వచ్చిన వ్యాప్ 2.0తో డబ్ల్యూఎంఎల్ స్థానంలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ మొబైల్ ప్రొఫైల్ వచ్చింది. ఫోను నేరుగా హెచ్‌టీటీపీలోనే, అంటే మామూలు వెబ్ వాడే ప్రోటోకాల్‌లోనే, మాట్లాడటం మొదలైంది. గేట్‌వే పూర్తిగా పోలేదు, ఫోను తరఫున పేజీలు తెచ్చిపెట్టే మామూలు ప్రాక్సీగా మారింది. మీ ఫోను బహుశా రెండు భాషలూ చదవగలదు.

ఈ సంధికాలంలో మాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సెట్టింగులవే. ‘గేట్‌వే స్పందించడం లేదు’ అని తెర మీద వస్తుంది. జనం సైటు చెడిపోయిందనుకుంటారు. చూస్తే పాత పద్ధతి గేట్‌వేకు వాడే 9201 పోర్టు (సర్వర్‌లో తట్టాల్సిన తలుపు సంఖ్య) అలాగే ఉంటుంది, ఫోను మాత్రం కొత్త పద్ధతిలో 8080 పోర్టున్న ప్రాక్సీ కోసం చూస్తూ ఉంటుంది. లేదా యాక్సెస్ పాయింట్ (ఫోను డేటా నెట్‌వర్క్‌లోకి వెళ్లే ద్వారం) వ్యాప్‌ది, ప్రాక్సీ గడి ఖాళీ. ఒక్క గడి తేడా వస్తే చాలు, మొత్తం ఆగిపోయేది. సెట్టింగులను ఎస్ఎంఎస్ ద్వారా పంపి ఫోనులో దించే ఏర్పాటు వచ్చాక ఆ గోల చాలా తగ్గింది.

జీపీఆర్‌ఎస్ వేగం ఆచరణలో సెకనుకు 30, 40 కిలోబిట్లు. 50 కిలోబైట్ల పేజీ డేటా కాల్ మీద 42 సెకన్లు తీసుకుంటే దీని మీద పది సెకన్లలో దిగాలి. కానీ దిగేది కాదు, ఎందుకంటే ప్రతి అభ్యర్థనకూ అటు వెళ్లి ఇటు రావడానికే అర సెకను నుంచి ఒక సెకను పట్టేది. పేజీలో పాతిక బొమ్మలుంటే పాతిక ప్రయాణాలు. అందుకే ఆ రోజుల్లో ఎవరు అడిగినా నేనిచ్చిన మొదటి సలహా: బొమ్మలు ఆపేయండి. ఆదా అయ్యే కిలోబైట్ల కన్నా తప్పే ప్రయాణాలే పెద్ద లాభం.

మధ్యవర్తి పాత్రను ఎవరూ ఊహించనంత దూరం తీసుకెళ్లింది ఆపెరా మిని. 2006 జనవరిలో ప్రపంచమంతటికీ విడుదలైంది. జావా ఉన్న ఏ మామూలు ఫోనులోనైనా నడిచేది. నిజానికి ఫోనులో ఉన్నది బ్రౌజర్ కాదు, చూపించే కిటికీ మాత్రమే. అసలు బ్రౌజర్ ఆపెరా సర్వర్లలో ఉండేది. అక్కడ పేజీ మొత్తం తెరిచి, జావాస్క్రిప్ట్ నడిపించి, బొమ్మలు చిన్నవి చేసి, అంతటినీ ఒకే మూటగా కుదించి పంపేది. పాతిక ప్రయాణాల స్థానంలో ఒకటే ప్రయాణం! పరిమాణం తొంభై శాతం దాకా తగ్గేది. 2007లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో పేజీ మొత్తం చిన్నగా కనిపించేది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మీటలతో కావలసిన మూలకు జరిగి, ఐదు నొక్కితే ఆ భాగం పెద్దదయ్యేది.

మన భాష వాళ్లకు దాని అసలు ఉపకారం మరొకటి. ఫోనులో తెలుగు ఫాంటు లేకపోతే అన్నీ డబ్బాలే కనిపించేవి. ఆపెరా మినిలో చిరునామా గడిలో ‘ఆపెరా’ అని రాసి, కోలన్ పెట్టి, ‘కాన్ఫిగ్’ అని ఇంగ్లిషులో కొడితే ఒక రహస్య పేజీ తెరుచుకునేది. అందులో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపించమనే ఎంపిక ఉండేది. దాన్ని ‘అవును’ చేస్తే సర్వరే తెలుగు అక్షరాలను గీసి బొమ్మలుగా పంపేది. ఒత్తులు, గుణింతాలు అన్నీ సరిగ్గా వచ్చేవి. పేజీ బరువెక్కేది, పాఠం కాపీ చేసుకోవడం కుదిరేది కాదు; అయినా తెలుగు చదవగలిగేవాళ్లం. తెలుగు రానే రాని ఫోనులో తెలుగు కనిపించిందంటే అది మధ్యవర్తి చలవే.

భద్రత విషయంలో ఇదే మధ్యవర్తి పెద్ద కంత. పాత వ్యాప్‌లో ఫోనుకూ గేట్‌వేకూ మధ్య ఒక రకం ఎన్‌క్రిప్షన్, గేట్‌వేకూ సైటుకూ మధ్య ఇంకో రకం. మధ్యలో, గేట్‌వే మెమరీలో, కాసేపు మీ పాస్‌వర్డ్ విప్పి ఉండేది. దాన్ని తప్పించుకోవాలంటే బ్యాంకు తన సొంత ఆవరణలోనే గేట్‌వే పెట్టుకోవాలి. ఆపెరా మినిలోనూ అంతే: హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీ) పేజీని విప్పేది సర్వర్, మీ ఫోను కాదు. అప్పట్లోనే బ్యాంకు పనులకు దాన్ని వాడవద్దని చెప్పేవాణ్ని. ఇప్పుడు ఎవరో పెట్టిన ప్రాక్సీ మీద అయితే అసలు ఆలోచించనే వద్దు.

ఇక మీ ఫోను ఇప్పుడు ఎందుకు తెరవడం లేదో చూద్దాం. సిగ్నల్ వస్తోందన్నారు కాబట్టి మీ దగ్గర 2జీ ఇంకా బతికే ఉంది. అది అదృష్టమే, జపాన్‌లో 2012లోనే ఆగిపోయింది, ఆస్ట్రేలియా, అమెరికాల్లోని పెద్ద నెట్‌వర్క్‌లు కొన్ని 2016 చివరికల్లా ఆపేశాయి. మిగతా అడ్డంకులు ఇవి.

ఫోనులో దాచి ఉన్న గేట్‌వే చిరునామా దగ్గర ఇప్పుడు వినేవాళ్లు లేరు. ఇది మొదటిది, సరిచేయడం తేలిక. అసలు గోడ హెచ్‌టీటీపీఎస్. దాదాపు అన్ని సైట్లూ ఇప్పుడు దాని మీదే ఉన్నాయి. దానిలో వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతుల్లో మీ ఫోనుకు తెలిసినవి పాత టీఎల్ఎస్, అంతకుముందటి ఎస్ఎస్ఎల్. టీఎల్ఎస్ 1.0, 1.1 వెర్షన్లను 2021లో అధికారికంగానే పక్కన పెట్టేశారు. దానికి తోడు సైటు అసలుదో కాదో తేల్చడానికి ఫోనులో ఉంచిన మూల ధ్రువపత్రాల గడువు తీరిపోయి ఉంటుంది, కొత్తవి దానికి తెలియవు. ఒకే సర్వర్ మీద వందల సైట్లుండే ఈ రోజుల్లో ఫోను తనకు ఏ సైటు కావాలో కనెక్షన్ మొదట్లో జరిగే ‘కరచాలనం’ సమయంలోనే చెప్పాలి. మీ ఫోనుకు ఆ అలవాటు లేదు. ఇవన్నీ దాటినా, 2 మెగాబైట్లకు పైబడిన ఇప్పటి సగటు పేజీ సెకనుకు 40 కిలోబిట్ల మీద దిగడానికి దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. అంతకు ముందే ఫోను మెమరీ చాలక చేతులెత్తేస్తుంది.

ఏం చేయవచ్చు? ముందుగా బ్యాటరీ తీసి చూడండి. ఏమాత్రం ఉబ్బినా చార్జింగ్ పెట్టకండి, కొత్తది వేయండి. తర్వాత తేదీ, సమయం సరిచేయండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ఫోను తేదీ ఎక్కడో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది.

సెట్టింగుల్లో కొత్త ప్రొఫైల్ ఒకటి తయారుచేయండి. పాతదాన్ని సరిదిద్దే ప్రయత్నం చేయకండి. కంపెనీ పంపిన ప్రొఫైళ్లలో కొన్ని గడులు తాళం వేసి ఉంటాయి. యాక్సెస్ పాయింట్‌గా మీ కంపెనీ ఇచ్చే మామూలు ఇంటర్నెట్ పేరు రాయండి, వ్యాప్‌ది కాదు. ప్రాక్సీ గడి ఖాళీగా వదిలేయండి. బొమ్మలు ఆపేయండి. ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ లేని, మామూలు హెచ్‌టీటీపీ పేజీ ఒకటి తెరవండి. పాత కంప్యూటర్ల కోసమే నడిపే ఫ్రాగ్‌ఫైండ్ అనే వెతుకులాట సైటు అందుకు బాగుంటుంది. వెతికిన వ్యాసాల్లోని హంగులన్నీ తీసేసి పాఠం మాత్రమే ఇస్తుంది. అంటే మధ్యవర్తి పనే చేస్తుంది. చిరునామా ముందు హెచ్‌టీటీపీ తర్వాత ‘ఎస్’ లేకుండా చూసుకోండి.

అది తెరుచుకుంటే నెట్‌వర్క్, సెట్టింగులు బాగున్నట్టే. ఆపైన సొంత మధ్యవర్తిని పెట్టుకోవచ్చు. పేజీని మొత్తంగా బొమ్మగా మార్చి పంపే ప్రాక్సీలు ఉచితంగా దొరుకుతాయి, డబ్ల్యూఆర్‌పీ అనేది వాటిలో ఒకటి. కానీ వాటిని బటన్ల ఫోనుకు నేను సిఫారసు చేయను. బొమ్మ మీద ఎక్కడ నొక్కారన్నదాన్ని బట్టి అవి పనిచేస్తాయి, మీ ఫోనులో మౌస్ లాంటిది లేదు. పాత కంప్యూటర్‌కు బ్రహ్మాండంగా ఉంటాయి, ఫోనుకు మాత్రం పాఠం పంపే పద్ధతే నయం. కాస్త ప్రోగ్రామింగ్ వస్తే వార్తల ఫీడును తీసుకుని, శీర్షికలను అంకెల లింకులుగా పేర్చే చిన్న పేజీ రాసి మీ సర్వర్‌లో పెట్టుకోండి. ఒక్కో పేజీని పది కిలోబైట్ల లోపు ఉంచండి, పట్టికలు వాడకండి, సర్వర్ పంపే ఫైలు రకం మామూలు హెచ్‌టీఎంఎల్‌గా ఉంచండి. తెలుగు డబ్బాలుగా వస్తే శీర్షికలను సర్వర్‌లోనే బొమ్మలుగా గీయించి పంపండి. ఆపెరా మిని చేసిన పనే అది. ఇంటి కంప్యూటర్‌లో ప్రాక్సీ నడిపితే దాన్ని ప్రపంచమంతటికీ తెరిచి వదిలేయకండి, ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని తమ పనులకు వాడుకుంటారు.

వై-ఫై ఉన్న పాత ఫోను దొరికితే పని ఇంకా తేలిక: నోకియా ఎన్95, ఈ61 లాంటివి. ఇంట్లో నెట్‌వర్క్ మీదనే ప్రాక్సీ నడపవచ్చు, 2జీ ఉన్నా లేకున్నా పట్టించుకోనక్కరలేదు. రౌటర్‌లో వై-ఫై భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ2 ఉండాలి, డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే అవి కలవవు. ఎన్95 తరం నాటికి నోకియా వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజిన్ ఆధారంగా తన బ్రౌజర్ తయారుచేసుకుంది కాబట్టి మామూలు పేజీలను మధ్యవర్తి సాయం లేకుండా చాలావరకు తానే పరచగలదు. హెచ్‌టీటీపీఎస్ గోడ మాత్రం దానికీ తప్పదు.

మీ ఫోను మోడల్ ఏదో రాయలేదు. బ్యాటరీ కింద స్టిక్కరు మీద ఉంటుంది. అది చెబితే ఏ మెనూలో ఏ గడి నింపాలో విడిగా రాస్తాను. పక్కనే ఉండే పదిహేనంకెల ఐఎంఈఐ సంఖ్యను (ఫోను గుర్తింపు సంఖ్యను) మాత్రం ఇక్కడ పెట్టకండి.